జైలు కిటికీ ముందు డ్రమ్ము

ట్రూడీ స్ప్రౌస్ వేళ్ళు ఊరుకోవడం మానేసి మూడు వారాలైంది. గిన్నెలు కడుగుతుంటే సింకు అంచు మీద, కారు నడుపుతుంటే స్టీరింగు మీద, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెబుతుంటే బైబిలు అట్ట మీద అవి టకటకమని కొట్టుకుంటూనే ఉన్నాయి. "డ్రమ్ము సాధన చేస్తున్నావా ట్రూడీ?" అని సంఘంలో ఆడవాళ్ళు నవ్వుతూ అడిగారు. అవునని చెప్పేసింది. అబద్ధమాడినందుకు దేవుణ్ణి అక్కడికక్కడే క్షమాపణ అడుక్కుంది గానీ, నిజం చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

నిజమేమిటంటే, మూడు వారాల కిందట నోరు తెరవాల్సిన చోట ఆమె తెరవలేదు.

మెడో రన్ బాప్టిస్టు సంఘంలో ఏ పనైనా ఓటుతోనే జరుగుతుంది. పాస్టరును పిలవాలన్నా ఓటే, పంపాలన్నా ఓటే, వంటగదికి కొత్త ఫ్రిజ్జు కొనాలన్నా ఓటే. పెత్తనం చెయ్యడానికి బిషప్పులూ గిషప్పులూ ఎవరూ లేరు. పైన ఉన్నది దేవుడొక్కడే, ఆయన ఓటు వెయ్యడు. మూడు నెలలకోసారి బుధవారం సాయంత్రం భోజనాలయ్యాక సమావేశం పెడతారు. సభ్యుల్లో ఎవరైనా, ఆడైనా మగైనా, లేచి ప్రతిపాదన చెయ్యొచ్చు. ఇంకొకరు "బలపరుస్తున్నాను" అనాలి. ఆ ఒక్క మాట రాకపోతే ప్రతిపాదన అక్కడే చచ్చిపోయినట్టు. ఇక దానిమీద చర్చా ఉండదు, ఓటూ ఉండదు.

సెప్టెంబరు సమావేశంలో ఆమె భర్త కార్ల్‌టన్ లేచాడు. కరెంటు స్తంభాలెక్కి ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. మాటలు చాలా పొదుపు. సమావేశంలో అతను లేవడం అది రెండోసారి. మొదటిసారి లేచింది కప్పు కారుతోందని చెప్పడానికి.

"అక్టోబరు వార్షికోత్సవం రోజున, ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళెవరినీ, ఏ పార్టీ వాళ్ళనైనా సరే, మన ఆవరణలో నిలబెట్టి, తలమీద చేతులుంచి ప్రార్థన చెయ్యకూడదని ప్రతిపాదిస్తున్నాను," అన్నాడు. అని కూర్చున్నాడు.

ఎన్నికల్లో నిలబడ్డవాడెవడో అందరికీ తెలుసు. వేడ్, ట్రూడీకి మేనల్లుడు, చనిపోయిన తమ్ముడి కొడుకు. రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తున్నాడు. వార్షికోత్సవం నాడు అతన్ని నిలబెట్టి ప్రార్థించాలని పాస్టరు అప్పటికే ప్రకటించేశాడు, ఫొటోలు తీసేవాళ్ళను కూడా పిలిచేశాడు.

సమావేశాలు నడిపేది హోబర్ట్ ప్యూ. ఎనభై ఏళ్ళ సంఘపెద్ద, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీ ఆయనదే. కళ్ళజోడు మీదుగా అందరినీ ఓసారి చూసి, "ప్రతిపాదన వచ్చింది. బలపరిచేవాళ్ళున్నారా?" అన్నాడు. పెన్సిలుతో బల్లమీద నెమ్మదిగా పదిసార్లు కొట్టి ముగించడం ఆయన అలవాటు. కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ట్రూడీ మొగుడి పక్కనే కూర్చుని, కాళ్ళ కింద కార్పెట్టులో ఉన్న నీలం గళ్ళను లెక్కపెట్టింది. ఏడు, ఎనిమిది. మాట గొంతుదాకా వచ్చింది. వేడ్ ముఖం గుర్తొచ్చింది, పాస్టరు గుర్తొచ్చాడు, బుధవారం బుధవారం తనతో కలిసి వంటచేసే ఆడవాళ్ళందరూ గుర్తొచ్చారు. పెన్సిలు ఆగింది.

"బలపరిచేవాళ్ళు లేరు కాబట్టి ప్రతిపాదన వీగిపోయింది," అని హోబర్ట్ కాగితం తిప్పేశాడు.

ఇంటికి వెళ్తుంటే కార్ల్‌టన్ ఒకే ఒక్క మాట అన్నాడు. "వైపరు రబ్బరు మార్చాలి." అంతే. కోపం లేదు, సాధింపు లేదు. సాధించి ఉంటే బాగుండేదని ట్రూడీ ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. ఎదురు తిరిగి నాలుగు అని, నాలుగు పడి, తేల్చేసుకునేది. అతను మామూలుగానే లేచాడు, మామూలుగానే పనులు చేసుకున్నాడు. భోజనానికి ముందు ప్రార్థన కూడా మామూలుగానే చేశాడు. కాకపోతే, నలభై ఏళ్ళుగా ఆ ప్రార్థనప్పుడు బల్లమీదుగా ఆమె చెయ్యి పట్టుకునేవాడు. ఇప్పుడు తన రెండు చేతులూ తనే జోడించుకుంటున్నాడు. ఆమె చెయ్యి ఉప్పు సీసా పక్కన ఖాళీగా ఉండిపోతోంది. ఆ చేతి వేళ్ళే కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

అసలు ఆ సంఘం పుట్టిందే ఒక జైలు కిటికీ దగ్గర. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్న రోజుల్లో, సర్కారు అనుమతి లేకుండా వాక్యం చెప్పడం నేరం. ఆసా క్రెంషా అనే బోధకుడు అనుమతి అడగనన్నాడు. దేవుడి మాట చెప్పడానికి దొరగారి చీటీ ఎందుకన్నాడు. తీసుకెళ్ళి జైల్లో పెట్టారు. ఆయన కిటికీ ఊచల్లోంచి చెప్పడం మొదలుపెట్టాడు, జనం బయట గడ్డిమీద కూర్చుని విన్నారు. ఆ మాటలు వినబడకుండా షెరీఫు ఒక మనిషిని పెట్టి డ్రమ్ము కొట్టించాడు. మూడోనాడు ఆ డ్రమ్ము కొట్టేవాడు కొడుతూ కొడుతూ ఆపేసి, పుల్లలు పారేసి, మోకాళ్ళమీద పడ్డాడంటారు. సంఘంలో మొదటి బాప్తిస్మం అతనిదేనంటారు. పేరు మాత్రం ఎక్కడా రాసి లేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండువందల ఏళ్ళు నిండిన సంవత్సరం ట్రూడీ నాన్నా మరో నలుగురూ కలిసి చర్చి ఆవరణలో రాళ్ళతో చిన్న గది కట్టారు. పాత జైలు ఊచలు సంపాదించి కిటికీకి బిగించారు. అప్పటినుంచి ప్రతి అక్టోబరులోనూ వార్షికోత్సవం నాడు దాని ముందు నాటకం వేస్తారు. డ్రమ్ము మొదట్లో ట్రూడీ నాన్న కొట్టేవాడు, ఆయన మోకాళ్ళు పోయాక ట్రూడీ తీసుకుంది. ఇరవై రెండేళ్ళుగా కిటికీలో ఆసా క్రెంషా వేషం కార్ల్‌టన్‌ది. అతను మాట్లాడుతుంటే ఆమె డ్రమ్ముతో ముంచేస్తుంది. మొగుడి నోరు నొక్కే భాగ్యం ఏడాదికోసారి ట్రూడీకి సంఘమే కల్పించిందని ఊళ్ళో పాత హాస్యం. మూడోసారి ఆమె ఆపేసి పుల్లలు పారేశాక, ఆసా జైల్లోంచి శాసనసభకు రాసిన విన్నపం అతను చదువుతాడు. తర్వాత పాట. పాటయ్యాక ఆ కిటికీలోంచే అతను భోజనానికి ప్రార్థన చేస్తాడు. ఆపైన వేయించిన కోడి మీద అందరూ పడతారు.

వార్షికోత్సవం ఇంకా ఐదు రోజులుందనగా, మంగళవారం, పాస్టరు ట్రెంట్ హేలీ ఆమెను చర్చి వంటగదిలో పట్టుకున్నాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు. మంచివాడే. ఆసుపత్రిలో ఎవరున్నా వెళ్ళి పక్కన కూర్చుంటాడు. ఆయన వచ్చాక చిన్న పిల్లలున్న కుటుంబాలు ఎన్నో చేరాయి. అందుకే ఆయనమీద కోపం తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

"సిస్టర్ ట్రూడీ, ఒక చిన్న సాయం," అన్నాడు చేతిలో కప్పు తిప్పుతూ. "బ్రదర్ కార్ల్‌టన్‌ను ఈసారి ఆ విన్నపం వదిలెయ్యమన్నాను. వదిలేస్తే ఆ కిటికీలో నాకు పనేముంది అన్నారు."

"అంటాడు."

"బయటినుంచి ఎంతోమంది వస్తున్నారు. వేడ్ పక్కనే నిలబడి ఉంటాడు. ఆ సమయంలో 'అధికారుల చెయ్యి మాకొద్దు' అని చదివితే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. మీ మేనల్లుడికి అవమానం కాదా?"

ట్రూడీ వేళ్ళు గట్టుమీద కొట్టుకున్నాయి. "నన్నేం చెయ్యమంటారు?"

"మూడోసారి మొదలుపెట్టాక ఆపకండి. అంతే. కొడుతూనే ఉండండి. నేను పాట ఎత్తుకుంటాను, అందరం కలిసిపోతాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అన్నట్టుండదు."

"మరి డ్రమ్ము వాడు మారుమనస్సు పొందాలి కదా పాస్టర్ గారూ?"

"వచ్చే ఏడాది పొందుతాడు లెండి," అని ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వాక ఒళ్ళు మండింది, తనమీద తనకే.

"చూద్దాం," అంది. ఆ కౌంటీలో చూద్దాం అంటే సరేనని. ఆయన థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి ట్రూడీ కాలు గాలిన పిల్లిలా తిరిగింది. బట్టలు ఉతకడానికి వేసి, సబ్బు వెయ్యడం మర్చిపోయింది. సరుకులకని బయల్దేరి దుకాణం దాటి నాలుగు మైళ్ళు పోయింది. రోడ్డు పక్క పెరళ్ళలో వేడ్ పేరున్న బోర్డులు, ఎదుటి పార్టీ ఆవిడ పేరున్న బోర్డులు ఒకదానికొకటి కళ్ళెర్రజేస్తూ నిలబడ్డాయి. ఆమె చిన్నప్పుడు ఎవరి ఓటు ఎవరికో కట్టుకున్న పెళ్ళాలకు కూడా చెప్పేవాళ్ళు కాదు. ఇప్పుడు ఎవరింట్లో కాఫీ తాగొచ్చో బోర్డు చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. ఆమె ఇంటిముందు ఏ బోర్డూ లేదు. కార్ల్‌టన్ పెట్టనివ్వలేదు, ఆమె అడగలేదు.

గురువారం మధ్యాహ్నం వేడ్ వచ్చాడు. తలుపు కొట్టే అలవాటు వాడికి ఎప్పుడూ లేదు. పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు చేసేది. వాడు రాత్రి భోజనం ఈ బల్ల దగ్గరే చేసేవాడు, లెక్కలు ఇక్కడే చేసేవాడు, మొదటిసారి ప్రార్థన పైకి చెప్పింది కూడా ఇక్కడే. ఇప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇస్త్రీ చొక్కా, మెడలో టై. అయినా వచ్చీ రాగానే ఫ్రిజ్జు తెరిచాడు.

"ఆదివారం కొబ్బరి కేకు చేస్తున్నావా అత్తా?"

"ప్రతి ఏడూ చెయ్యనా?"

"మామయ్య నన్ను కిటికీలోంచి కడిగేస్తాడని అందరూ అంటున్నారు. కడిగితే కడగనీ. కేకు ఉంటే చాలు." చికెను ముక్క చేత్తోనే తింటూ కూర్చున్నాడు. "గెలిస్తే మొదటి బిల్లు ఏంటో తెలుసా? ప్రతి బడిలో పొద్దున్నే ప్రార్థన. నువ్వు నాకు నేర్పావే, అలా."

"నేను నేర్పిన ప్రార్థన ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. నోటికొచ్చింది చెప్పేదానివి. ఒకసారి మన కుక్కకు కాలు విరిగితే దానిక్కూడా చెప్పించావు."

"మరి బడిలో చెప్పేది ఎవరు రాస్తారు?"

"దానికి కమిటీ ఉంటుంది."

కమిటీ అనగానే ట్రూడీకి ఈస్టరు గుర్తొచ్చింది. పక్క వీధి మెథడిస్టు చర్చివాళ్ళతో కలిసి తెల్లవారుజాము ఆరాధన చేద్దామని ఒక కమిటీ వేశారు. ప్రభువు ప్రార్థనలో ఒక్క మాట దగ్గర వాళ్ళు ఒకలా అంటారు, వీళ్ళు ఇంకోలా అంటారు. ఆ ఒక్క మాట మీద ఐదు వారాలు కూర్చున్నారు. చివరికి ఆ మాట దగ్గర అందరూ గొణిగేద్దామని తీర్మానించారు.

"ఆ కమిటీలో ఎవరుంటారు?" అంది.

"మనవాళ్ళేలే."

"ఎప్పుడూ మనవాళ్ళే ఉంటారా?"

వేడ్ నవ్వి, ఎముక పళ్ళెంలో పెట్టాడు. "నువ్వు కూడా మామయ్యలాగే మాట్లాడుతున్నావే." తర్వాత నవ్వు తగ్గించి, ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. కొట్టుకుంటున్న వేళ్ళు ఒక్క నిమిషం ఆగాయి. "ఆ రోజు సమావేశంలో నువ్వు ఆయన్ని బలపరచలేదట కదా. పాస్టర్ గారు చెప్పారు. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో."

ఆమె లేచి వెళ్ళి పంపు తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. వాడిమీద ప్రేమ అబద్ధం కాదు. వాడు మంచివాడు కాదనడానికీ లేదు. కానీ తన పిరికితనం కాస్తా పోయిన తమ్ముడికి కానుకైపోయింది, అది తట్టుకోలేకపోయింది.

శనివారం ఉదయం కార్ల్‌టన్ రాతిగది సర్దడానికి వెళ్తే ఆమె కూడా వెళ్ళింది. అతను లోపల నిచ్చెనెక్కి సాలెగూళ్ళు దులుపుతున్నాడు. ఆమె బయట గడ్డిమీద డ్రమ్ము పెట్టి తోలు బిగించింది. మధ్యలో ఊచలున్నాయి. బహుశా అందుకే అడగగలిగింది.

"ముందే నాకెందుకు చెప్పలేదు? ప్రతిపాదన పెడతానని."

"చెబితే ఆపేదానివి."

"ఆపేదాన్నే. నలభై ఏళ్ళుగా మనతో కలిసి తింటున్నవాళ్ళు. వాళ్ళందరి ముందూ నువ్వొక్కడివీ లేచి..."

"ఒక్కణ్ణే లేచాననుకోలేదు."

ఆ మాట సూటిగా తగిలింది. ట్రూడీ పుల్లలు కింద పెట్టేసింది. "వేడ్ మన చేతుల్లో పెరిగాడు కార్ల్‌టన్. నేను బలపరిస్తే వాడి ముఖం ఎలా చూస్తాను?"

అతను నిచ్చెన దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. చొక్కానిండా దుమ్ము. "వాడికి బైకు నేనే నేర్పాను. వాడు గెలిచినా ఓడినా నాకు వాడు వాడే. రేపు వాడు కాకుండా ఇంకొకడు వస్తాడు, వాడి తలమీదా చేతులు పెట్టమంటారు. అప్పుడు పెట్టనంటే మనల్ని ఏం చేస్తారో ఈ ఊచలకు తెలుసు."

"ఇవన్నీ ఆ రోజు చెప్పొచ్చుగా."

"చర్చ ఉంటే చెప్పేవాణ్ణి. బలపరచకుండా చర్చెక్కడిది?" కాసేపు ఊచకున్న తుప్పును గోటితో గీకాడు. "నువ్వు బలపరచలేదని కాదు ట్రూడీ. నీ ఇష్టం నీది. నువ్వు కార్పెట్టుకేసి చూశావు. నాకేసి చూసి ఉంటే చాలు. వద్దని తలూపినా చాలు."

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. పాస్టరు అడిగిన సంగతి అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆడవాళ్ళు బల్లలు మోసుకొచ్చారు, ఎక్కడ వెయ్యాలో చెప్పమన్నారు, ఆమె వెళ్ళి చెప్పింది. ఎక్కడ వెయ్యాలో వాళ్ళకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

ఆదివారం ఎండ కాసింది. ఆకులు ఎర్రబడి, ఆవరణంతా కార్లతో నిండిపోయింది. మామూలు ఆదివారాల్లో నూట ఇరవై మంది వచ్చే చోటికి మూడువందల మంది వచ్చారు. బల్లలమీద గిన్నెలు, గిన్నెలమీద తెల్లబట్టలు. ఒక బల్ల మధ్యలో ట్రూడీ చేసిన కొబ్బరి కేకు. గడ్డిమీద ముందువరసలో వేడ్, పెళ్ళాం, ఇద్దరు కూతుళ్ళు, పక్కనే కెమెరాలవాళ్ళు. పాస్టరు వేడ్ భుజంమీద చెయ్యివేసి నిలబడ్డాడు. ఆమెకేసి చూసి తలాడించాడు.

కార్ల్‌టన్ పాత కోటు తొడుక్కుని ఊచల వెనక కనబడ్డాడు. ఆ కోటు భుజాల దగ్గర పదేళ్ళుగా బిగుతే. "ఓ మనుష్యులారా, ఆలకించుడి," అని మొదలుపెట్టాడు. మామూలుగా నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి ఆ కిటికీలో మాత్రం ఎవరో పూనినట్టు మాట్లాడతాడు. ట్రూడీ డ్రమ్ము అందుకుంది. పిల్లలు నవ్వారు. ఆపింది. అతను మళ్ళీ మొదలుపెట్టాడు, ఆమె మళ్ళీ కొట్టింది. "గట్టిగా కొట్టు ట్రూడీ, ఇంట్లో నువ్వు పడుతున్నదంతా తీర్చుకో," అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

మూడోసారి.

ఈసారి ఎక్కడ ఆపాలో ఆమె చేతులకే తెలుసు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఆపాయి. ఆ చోటు వచ్చింది, దాటిపోయింది. ఆమె కొడుతూనే ఉంది. కిటికీలో కార్ల్‌టన్ కాగితం పైకెత్తి నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. ఆగాడు. పొరపాటేమోనని ఎదురుచూశాడు. ఆమె కొడుతూనే ఉంది. పాస్టరు గొంతు సవరించుకున్నాడు. జనం ఒకరినొకరు చూసుకున్నారు. ఏటా చూసేవాళ్ళకు ఏదో తేడాగా ఉందని తెలిసిపోయింది.

అప్పుడు కార్ల్‌టన్‌కు అర్థమైంది. అర్థం కావడం అతని ముఖంలో ఆమె చూసింది. కోపగించుకోలేదు. కాగితం నెమ్మదిగా మడవబోయాడు, సరే నీ ఇష్టం అన్నట్టు. చూడకుండా ఉండటానికి అక్కడ కార్పెట్టు లేదు. గడ్డి ఉంది గానీ ఆమె చూపు గడ్డిమీదికి పోలేదు. అతనికేసే చూసింది.

చేతులు ఆగిపోయాయి. పుల్లలు పారేసిన సంగతి అవి గడ్డిమీద పడ్డాక గానీ ఆమెకు తెలియలేదు. మోకాళ్ళమీద పడటం మర్చిపోయి నిలబడే ఉండిపోయింది.

కార్ల్‌టన్ మడత విప్పాడు. "అయ్యలారా, మీ దయయు మాకు వలదు, మీ దండనయు మాకు వలదు. మా ప్రార్థనకు మీ ముద్ర అక్కరలేదు. మీరు మమ్మును విడిచిపెట్టుడి, అంతియే మేము కోరునది. అధికారి చెయ్యి పట్టుకొని దేవుని మందిరములో ప్రవేశించువాడు తాను ఎవరిని వెదకి వచ్చెనో మరచిపోవును."

ఏటా ఈ మాటల దగ్గర జనం పళ్ళేలు అందుకోవడం మొదలుపెట్టేవాళ్ళు. ఈసారి ఒక్కరూ కదల్లేదు. వేడ్ భుజంమీద ఉన్న చెయ్యి ఏం చెయ్యాలో పాస్టరుకు తెలియలేదు. తీస్తే ఒక బాధ, ఉంచితే ఒక బాధ. పాట ఎత్తుకుందామని ఊపిరి పీల్చుకున్నాడు.

"బలపరుస్తున్నాను," అంది ట్రూడీ.

గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినిపించింది. ఆ సంఘంలో ఆ మాట ఎంత చిన్నగా అన్నా వినిపిస్తుంది.

హోబర్ట్ ప్యూ ముందువరసలో కుర్చీ వేసుకుని, ఎండకు కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు. కళ్ళు తెరవకుండానే, "ప్రతిపాదన వచ్చింది, బలపరిచారు. చర్చ ఏమన్నా ఉందా?" అనేశాడు. అన్నాక కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

"హోబర్ట్ గారూ," అన్నాడు పాస్టరు, "ఇది సమావేశం కాదండీ. నాటకం."

"అవును, అవును," అన్నాడు హోబర్ట్, చెవులదాకా ఎర్రబడి. "ఇంతకీ ఏ ప్రతిపాదనమ్మా ట్రూడీ?"

"మూడు వారాల కిందట కార్ల్‌టన్ పెట్టింది."

"అది చచ్చిపోయింది కదా."

"చచ్చినవాళ్ళు లేస్తారని ప్రతి ఈస్టరుకూ మీరే కదా సాక్ష్యం చెప్పేది."

వెనక ఎవరో నవ్వి, వెంటనే దగ్గులోకి మార్చేశారు. హోబర్ట్ మాత్రం నవ్వలేదు. నియమాల విషయంలో ఆయన హాస్యమాడడు. "రెండు ఆదివారాల ముందు ప్రకటించకుండా ఓటు పెడితే చెల్లదు. అది నియమం. చర్చకు మాత్రం అలాంటి నియమం ఏదీ లేదు," అన్నాడు. అని కర్ర ఆనించి లేచి నిలబడ్డాడు. "అయితే నేనే ఒక మాట చెబుతాను. ఆ రోజు పది లెక్కపెట్టానే, నిజానికి ఎనిమిదే. భయమేసి తొందరగా ముగించేశాను. రాత్రుళ్ళు నిద్రపట్టడం లేదు."

ఆ తర్వాత ఇంకొకరు లేచారు. ఇద్దరు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. ఒకావిడ వేడ్ పక్షాన మాట్లాడుతూ ఏడ్చింది. ఒకాయన లేచి, కోడి చల్లారిపోతోందన్నాడు. తగువు తేలలేదు, తేలే తగువు కూడా కాదు. కానీ ఎండలో నిలబడి మూడువందల మంది ముఖాముఖి మాట్లాడుకున్నారు. కెమెరాలవాళ్ళు ఏం తియ్యాలో తెలియక దించేశారు.

ట్రూడీ వేడ్ దగ్గరికి నడిచింది. "వేడ్," అంది, "ఇది నీమీద కాదురా."

"నామీద కాకపోతే ఇంకెవరిమీద అత్తా?" అన్నాడు. గొంతు పదకొండేళ్ళవాడి గొంతులా వచ్చింది. "పోటీ చేస్తున్నది నేనొక్కణ్ణేగా ఇక్కడ." కూతుళ్ళిద్దరి చేతులూ పట్టుకున్నాడు.

"తిని వెళ్ళు. కేకు చేశాను."

"ఇంకోసారి," అని పెళ్ళాం వెంట కారు వైపు నడిచాడు. చిన్నకూతురు వెనక్కి తిరిగి కేకుకేసి చూస్తూనే వెళ్ళింది. పాస్టరు నాలుగడుగులు వాళ్ళ వెంట వెళ్ళి, ఆగి, తిరిగొచ్చాడు.

ట్రూడీ రాతిగది గోడకు ఆనుకుంది. సరైన పని చేశానని అనిపించలేదు, తప్పు చేశానని కూడా అనిపించలేదు. ఇక భోజనానికి ప్రార్థన చెయ్యాలి, అది కిటికీలో ఉన్నవాడి పని. జనం టోపీలు తీశారు.

ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. దుమ్ము పట్టిన మణికట్టు, పొట్టిదైపోయిన కోటు చెయ్యి, స్తంభాలెక్కి కాయలు కాచిన అరచెయ్యి. అది ఎవరికోసమో ఆమెకు తెలుసు. పట్టుకుంది.

"ప్రభువా," అన్నాడు కార్ల్‌టన్. ఈసారి ఆసా క్రెంషా గొంతు కాదు, రోజూ బల్ల దగ్గర వినే గొంతు. "ఈ అన్నానికి వందనాలు. వెళ్ళిపోయిన పిల్లలకు కూడా పెట్టు."

రోడ్డుమీద వేడ్ కారు మలుపు తిరిగిన శబ్దం వినిపించింది. పట్టుకున్న చెయ్యి కదల్లేదు. రెండో చేతి వేళ్ళు మాత్రం రాతిగోడమీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి.